పెరుగుతున్న బోరింగు

మార్చి 3

ఇంట్లో గని మాట ఎత్తకూడదు. పెళ్లైన కొత్తలో మేమిద్దరం కూర్చుని పెట్టుకున్న రూలు ఇది. ఆయన గనిలో నీళ్లు తోడే సెక్షన్ చూస్తారు. నాది పేలుళ్ల అదురు కొలిచే సెక్షన్. పగలంతా ఆ దుమ్ములోనే ఉండి, గుమ్మం దాటి లోపలికొచ్చాక కూడా అవే పంపులు, అవే పేలుళ్లంటే ఇక సంసారం ఎప్పుడు చేస్తాం అని అప్పట్లో నవ్వుకున్నాం. రూలు బాగానే పనిచేసింది. ఎంత బాగా అంటే, గని మాట తీసేస్తే మా మధ్య మాట్లాడుకోడానికి పెద్దగా ఏమీ లేదని ఈమధ్యే తెలిసొచ్చింది. కరెంటు బిల్లు కట్టారా. గ్యాస్ అయిపోవచ్చింది. ఆ కిటికీ వేయండి, దుమ్మొస్తోంది.

నాకేమో చూసింది చూసినట్టు ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బరం. అందుకే ఈ పుస్తకం కొన్నాను.

రేపట్నుంచి కొత్త వీధి. గనికి తూర్పున, మా క్వార్టర్లున్న గుట్ట దిగాక వచ్చే వీధి. గోడలు బీటలు వారుతున్నాయని అక్కడి నుంచి వారానికో ఫిర్యాదు వస్తోందట. "నువ్వెళ్లి మీటరు పెట్టి కొలిచి, పేలుళ్ల వల్ల కాదని వాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పమ్మా" అన్నారు మేనేజరు గారు.

"కొలవకముందే కాదని ఎలా తెలుసు సార్?"

"పదేళ్ల నుంచి కొలుస్తున్నాం. ఎప్పుడైనా అయిందా?"

అదీ నిజమే.

మార్చి 4

ఫిర్యాదులన్నీ రాయించేది ఒకావిడే. వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, ఒక్కటీ కింద పడదు. నేను చూస్తూ ఉండిపోయాను.

"నువ్వేనా అదురు కొలిచేదానివి? కూర్చో. సైరన్ మోగాక నీకే తెలుస్తుంది" అంది.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే. ఆవిడ భర్త పోయాక, ఆడపడుచుతో పడక, మధ్యలో గోడ కట్టి రెండు చేసుకున్నారు. అవతల సగంలో ఆ వదిన. ఇద్దరికీ మాటల్లేవు. బీట మాత్రం పక్షపాతం లేకుండా వంటింటి మూల నుంచి మొదలై, మధ్యగోడలోంచి దూరి, వదిన గదిలోకి పోయింది. మధ్యగోడ దగ్గర వేలు పట్టేంత సందు. నేను వంగి చూస్తుంటే అటువైపు నుంచి ఓ కన్ను కనపడింది.

"కంపెనీ అమ్మాయా?" అందా కన్ను.

"అవునండీ."

"దానికి చెప్పమ్మా, మిషను పొద్దున్నే తొక్కొద్దని."

"నాకు వినపడుతోంది" అంది టైలరమ్మ.

"నేను నీతో మాట్లాడట్లేదు" అంది కన్ను.

సైరన్ మోగింది. కాసేపటికి గని వైపు నుంచి దబ్బుమని ఓ చప్పుడు, కాళ్ల కింద చిన్న వణుకు, అలమరలో గ్లాసుల గలగల. మీటరు చూశాను. చాలా తక్కువ. హద్దుకి దరిదాపుల్లో కూడా లేదు. తర్వాత ఊరికే, ఏమవుతుందో చూద్దామని, ఆవిణ్ని కుట్టుమిషను తొక్కమన్నాను. ముల్లు అంతకన్నా ఎక్కువ కదిలింది.

"అంటే నా కొంప నేనే కూల్చుకుంటున్నానా?"

"అలా అనలేదు పిన్నిగారూ."

"నీ మీటరు అంది."

ఇంటికొస్తుంటే దారంతా నవ్వొచ్చింది. చెప్పడానికి ఎవరూ లేరు.

మార్చి 6

బీటల మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అంటించాను, రెండు కొసలా ప్లాస్టర్ ముద్దతో. గోడ జుట్టంత కదిలినా గాజు విరుగుతుంది. దీనికి మీటర్లూ కరెంటూ అక్కర్లేదు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

టైలరమ్మ ఇంట్లో, వదిన ఇంట్లో, అదే వరసలో ఇంకో నాలుగైదు ఇళ్లలో అంటించాను. ఎదురు వరసలో బీటలే లేవు. ఒకే మేస్త్రీ కట్టిన ఇళ్లట అన్నీ. అవే ఇటుకలు, అదే సిమెంటు.

మార్చి 9

ఆయన ఇవాళ కూడా ముందుగదిలోనే పడుకుంటానన్నారు. నడుం నొప్పి. గట్టి నేల మీద పడుకుంటే నయమట.

మార్చి 12

పని లేకపోయినా ఇవాళ గనిలోకి దిగాను. ఎన్నేళ్లు చూసినా నాకు ఆ గొయ్యి మీద ఆశ తీరదు.

చిన్నప్పుడు గనంటే సొరంగం అనుకునేదాన్ని, తలకి దీపం కట్టుకుని దూరేది. మాది అలా కాదు. పైనుంచి నేలనే ఒలిచేస్తారు. ముందు పైన ఉన్న మంచి మట్టి తీసి ఓ పక్కన పోగేస్తారు. దాని కింద రాయీ రప్పా పేల్చి, షావెల్‌తో ఎత్తి డంపర్లకెక్కిస్తారు. అప్పుడు నల్లగా బొగ్గు బయటపడుతుంది. అది ఎత్తేశాక మిగిలిన గుంతలో, పక్క పట్టీ ఒలిచినప్పుడు వచ్చిన మట్టి తెచ్చి పోస్తారు. ఆ పక్క పట్టీ గుంతలో దాని పక్కదాని మట్టి. అంటే ఎప్పుడు చూసినా గొయ్యి ఒకటే, కాకపోతే అది నడుస్తుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇది ఎక్కడో పడమట ఉండేది. ఇప్పుడు తూర్పుకి వచ్చేసింది. వెనకాల అది నడిచొచ్చిన దారంతా పూడ్చిన దిబ్బలు, వాటి మీద మొక్కలు.

తూర్పు గోడ కింద నిలబడి పైకి చూశాను. పొరలు స్పష్టంగా కనపడుతున్నాయి. పైన ఎర్రమట్టి, కింద ఇసుక, దాని కింద నీలంగా జిగురుమట్టి. ఆ నీలం పొర అన్నిచోట్లా ఒకే మందం లేదు. కొన్నిచోట్ల చీర అంచంత. వీధి ఉన్న వైపు మాత్రం కడుపు వచ్చినట్టు ఉబ్బి ఉంది.

ఒకప్పుడు ఈ గోడ నిండా చెమటలు పట్టినట్టు నీళ్లు కారుతుండేవి. ఇప్పుడు పొడి. గొయ్యి చుట్టూ బోర్లు వేసి, తవ్వకముందే నేలలో నీళ్లు తోడేస్తారు. అది మా ఆయన సెక్షన్ పని. ఆయన చూసే గనిలో షావెల్ ఏనాడూ బురదలో దిగబడలేదని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకూ గొప్పగానే ఉంటుంది.

మార్చి 17

పేలుడు మందు సరఫరా ఆగింది. లారీల వాళ్ల సమ్మె. పేలుళ్లు లేవు. మెత్తటి పైమట్టి ఒలుస్తూ కాలక్షేపం చేస్తున్నారు.

మార్చి 25

ఇవాళ చూసింది నాకు మింగుడు పడటం లేదు.

సమ్మె మొదలైనప్పట్నుంచి ఒక్క పేలుడు లేదు. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వదిన రేడియో మూడిళ్లకి వినపడుతోంది. అయినా టైలరమ్మ వంటింట్లో గాజు విరిగింది. వదిన గదిలోదీ విరిగింది. పక్కింట్లోది విరగలేదుగానీ పగులు పడింది.

"ఎవరైనా తగిలారా పిన్నిగారూ?"

"ఎవరు తగుల్తారు? నేనూ, నా మిషనూ. మాకు తెలీకుండా ఎప్పుడో పేల్చుంటారు."

"పేల్చలేదు. మందే లేదు."

"మీ దగ్గర మందు లేకపోవడమేంటి, నాతో చెప్పకు."

సందులోంచి కన్ను అంది, "లేదనే చెప్తోందిగా. వినవే."

"నువ్వు మాట్లాడకు" అంది టైలరమ్మ. కానీ గట్టిగా అనలేదు.

పేలుళ్లు లేకుండా గోడ కదిలింది. మరి దేనికి కదిలింది?

మార్చి 26

ఒక్కోటీ కొట్టేసుకుంటూ వస్తున్నాను. చెట్ల వేళ్లా? ఆ వరసలో చెట్లు లేవు. మురిక్కాలవ కారి పునాది నానిందా? కాలవ ఎదురు వరస వైపు ఉంది, ఆ ఇళ్లు దిట్టంగా ఉన్నాయి. ఎండకి గోడలు సాగుతున్నాయా? ఎండ అటూ ఇటూ ఒకటే. మేస్త్రీ దగా చేశాడా? చేస్తే రెండు వరసలకీ చేసుండాలి.

బీటలన్నీ కలిపి చూస్తే ఇంటింటికీ తెగకుండా ఒకే గీతలా పోతున్నాయి, ఎవరో వీధిని నిలువునా మడిచినట్టు.

ఆయన్ని అడగాలనిపించింది. అడగలేదు. పేలుళ్ల అదురు నా పని. ఆయనకి దీని గురించి ఏం తెలుస్తుంది.

మార్చి 29

నీళ్ల కోసం బోరింగు దగ్గరికి వెళ్లాను. వీధి చివర ఉమ్మడి చేతిపంపు. టైలరమ్మ బకెట్ పట్టుకొచ్చింది. కొడుతూ, కొడుతూ, చాలాసేపటికి మూలుగుతూ నీళ్లు వచ్చాయి. ధార ఎత్తు నుంచి పడి చుట్టూ చిమ్ముతోంది. ఆవిడ బకెట్ కింద బండరాయి పెట్టింది.

"ఆ రాయెందుకు?"

"బోరింగు పెరిగింది."

నవ్వాననుకుంటా. ఆవిడ నవ్వలేదు.

"నిజమే చెప్తున్నా. వేసిన కొత్తలో బకెట్ పెడితే మూతికి అందేది. హ్యాండిలు నా నడుముకొచ్చేది. ఇప్పుడు చూడు, ఎక్కడుందో. మొదట్లో వయసు మీదపడి నేనే కుంగిపోయాననుకున్నా. తీరా వదిన కూడా అందట్లేదంది. ఇద్దరం ఒకేసారి పొట్టివాళ్లం ఎలా అవుతాం?"

వంగి చూశాను. బోరింగు చుట్టూ పోసిన సిమెంటు అరుగు పైపు నుంచి విడిపోయి కిందకి దిగిపోయి ఉంది. ఇనప పైపు మీద అరుగు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉందో సిమెంటు మరక చుట్టూ కట్టినట్టు అలాగే ఉంది. ఆ మరకకీ అరుగుకీ మధ్య నా జానెడు.

ఇనప పైపు పెరగదు. అది లోపల ఎక్కడో రాతి మీద నిలబడి ఉంది. కదలకుండా ఉన్నది అదొక్కటే. దిగిపోయింది వీధి.

చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. టైలరమ్మ నన్ను రెండుసార్లు పిలిచిందట.

మార్చి 30

గని తూర్పు గోడ దగ్గర్నుంచి ఆ నీలంమట్టి ముద్ద ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంది. లోపలంతా నీళ్లే. తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టాను.

ఆయన చూశారు. ఏమిటని అడగలేదు.

ఏప్రిల్ 2

ఆఫీసు నుంచి వచ్చేసరికి మట్టిముద్ద కిటికీలో లేదు. అరుగు మీద మడతపెట్టిన గుడ్డల మధ్య ఉంది. దాని మీద పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె, దాని మీద ఇంకో రాయి. గుడ్డలు తడిసిపోయి ఉన్నాయి. ఇస్త్రీపెట్టె తీసి చూశాను. ముద్ద పలచబడి బిళ్లలా అయింది. బరువు తీసేసి వంట పూర్తయ్యేదాకా ఆగి మళ్లీ చూశాను. పైకి లేవలేదు.

ఇస్త్రీపెట్టె ఎవరు పెట్టారని అడగలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరమే.

ఏప్రిల్ 3

కిటికీలో అడ్డంగా ఉందని దేనికో అరుగు మీదకి మార్చుంటారు. ఇస్త్రీపెట్టె కూడా ఎక్కడో ఒక చోట పెట్టాలి కదా.

ఏప్రిల్ 4

మట్టిలో నీళ్లు ఉన్నన్నాళ్లూ పైన బరువు కొంత ఆ నీళ్లు మోస్తాయి. నీళ్లు తోడేస్తే మొత్తం బరువు మట్టి మీదే పడుతుంది. మట్టి అణుగుతుంది. నీలంమట్టి మందంగా ఉన్నచోట ఎక్కువ అణుగుతుంది, పలచగా ఉన్నచోట తక్కువ. ఆ రెండిటి మధ్య ఇల్లుంటే, ఇల్లు విరుగుతుంది. ఎదురు వరస కింద ఉన్నది రాయి. మా గుట్ట కింద ఉన్నదీ రాయే.

పదేళ్లుగా మేం ఆ వీధికి చెప్పింది అబద్ధం కాదు. పేలుళ్ల వల్ల కాదు. నిజంగానే కాదు. వాళ్లు దేని వల్ల అని అడగలేదు, మేం చెప్పలేదు.

ఆయన తోడేది నీళ్లే. అంతవరకే ఆయనకి తెలుస్తుంది. పైన ఇళ్లేమవుతున్నాయో పంపు దగ్గర కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది.

ఇస్త్రీపెట్టె సంగతి మళ్లీ ఆలోచించను.

ఏప్రిల్ 8

మేనేజరు గారికి చెప్పాను. బోరింగు, గాజు ముక్కలు, నీలంమట్టి, అన్నీ. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు. ఓపిగ్గా వినే మనిషి.

"నువ్వు చెప్పింది కావచ్చు, కాకపోవచ్చు. నీ పనేంటమ్మా?"

"అదురు కొలవడం."

"కొలిచావు. తక్కువుంది. ఆదివారం వీధిలో మీటింగు పెడుతున్నాం. అదొక్క ముక్క చెప్పు. మన తరఫున గోడలన్నీ పూత పెట్టించి రంగులు వేయిస్తాం. వాళ్లు సంతోషపడతారు."

"లోపల నేల దిగుతుంటే పూత ఎన్నాళ్లుంటుంది సార్?"

"పంపులాపితే గని మునుగుతుంది. ఈ ఊళ్లో సగం పొయ్యిలు గని మీద వెలుగుతున్నాయి. నీ పొయ్యితో సహా." ఆయన కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది.

ఏప్రిల్ 11

తల నొప్పి. ఏమీ రాయను.

ఏప్రిల్ 12

మీటింగు టైలరమ్మ ఇంటి ముందే పెట్టారు. కుర్చీలు, మైకు, మంచినీళ్ల క్యాను. వీధి వీధంతా వచ్చింది. మేనేజరు గారు మాట్లాడి మైకు నాకిచ్చారు.

పేలుళ్ల అదురు హద్దుకన్నా చాలా తక్కువుందని చెప్పాను. అది నిజం. అక్కడితో ఆపి మైకు ఇచ్చేయొచ్చు. ఇవ్వబోయాను కూడా.

టైలరమ్మ లేచింది. "అమ్మాయ్, నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసు. నెలరోజులుగా చూస్తున్నా. సరే, పేలుళ్లు కాదు. మరి దేనివల్ల?"

ఎంత మామూలు ప్రశ్న. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.

"నీళ్ల వల్ల" అన్నాను. "గని తడవకుండా కింద నీళ్లు తోడుతున్నాం. నీళ్లు పోయిన మట్టి అణుగుతోంది. మీ బోరింగు పెరగలేదు పిన్నిగారూ. మీ వీధి దిగింది."

మైకు కీచుమంది. మేనేజరు గారు తల వంచుకుని చేతి గడియారం తిప్పుకుంటున్నారు. తర్వాత ఒకేసారి అందరూ లేచారు. వదిన టైలరమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో చూడలేదు.

గుట్టెక్కి ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. ఆయన అప్పటికే వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చున్నారు. బూట్లు విప్పలేదు.

"చెప్పేశావట."

"ఊఁ."

"నా పేరు చెప్పావా?"

"నీళ్లని చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు." నిలబడే ఉన్నాను. "ఇస్త్రీపెట్టె పెట్టింది మీరేగా?"

"ఇంకెవరు పెడతారు."

"నోటితో చెప్పొచ్చుగా?"

"రూలుందిగా" అన్నారు. నవ్వులాట మాట. ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"రెండేళ్లు. ఆ వైపు బోర్లలో మట్టం దిగుతోంది. కింద ఏం మట్టుందో డ్రిల్లింగ్ వాళ్లు చూపించారు. ఏమవుతుందో తెలిసిపోయింది. మేనేజరు దగ్గరికెళ్లి చెప్పా. తోడిన నీళ్లు వాగులోకి వదిలే బదులు, వీధికీ గనికీ మధ్య బోర్లేసి మళ్లీ నేలలోకే దింపుదామన్నా. ఖర్చన్నాడు. నీ పని తోడటం అన్నాడు. తోడాను."

"నేను రోజూ వెళ్లి ఆ గోడలకి గాజు ముక్కలు అంటించొస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"చూళ్లేకే ఇక్కడ పడుకున్నా" అన్నారు, నేల వైపు చూపించి. "నీ పక్కన పడుకుని చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు."

నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఈ కోపం వీధి కోసమా, నా కోసమా అని తేల్చుకోలేకపోయాను. వాళ్లకి పదేళ్లు సగం నిజం చెప్పిన ఆఫీసు మీద వచ్చిన కోపం కన్నా, నాకు రెండేళ్లు ఏమీ చెప్పని మనిషి మీద వచ్చిందే ఎక్కువ. అలా ఉండకూడదేమో. అలాగే ఉంది.

ఏప్రిల్ 13

అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన చెప్పలేదు, సరే. నేనెందుకు అడగలేదు? బోరింగు చూసిన రోజే నాకు తెలుసు. ఈ పుస్తకంలో నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో ఇప్పుడు తిరగేసి చూస్తున్నాను. ఆయనకేం తెలుస్తుంది, ఆయనకేం తెలుస్తుంది.

ఏప్రిల్ 20

నన్ను స్టోర్స్‌కి మార్చారు. డంపర్ల టైర్లు. ఒక్కో టైరు నాకన్నా ఎత్తు. ఇంత రబ్బరు ఎలా పోత పోస్తారో కనుక్కోవాలి.

మే 6

వీధివాళ్లు పూతా రంగులూ వద్దన్నారు. వచ్చిన మేస్త్రీలకి టీలిచ్చి వెనక్కి పంపారట. గని గేటు ముందు రోజూ కూర్చుంటున్నారు. పై ఆఫీసు నుంచి ముగ్గురొచ్చారు. బోరింగు ముందు వంగుని, నేను వంగిన చోటే, చాలాసేపు చూశారు. తర్వాత పంపుల సెక్షన్ వాళ్లని పిలిపించారు.

ఆయన వెళ్లి రెండేళ్ల నుంచి తెలిసిందంతా చెప్పొచ్చారు. తనకి తెలుసన్న సంగతితో సహా. ఇంటికొచ్చి, "చెప్పాను" అన్నారు.

"ఊఁ" అన్నాను.

మే 15

మధ్యగోడ ఒరిగిపోతోందని టైలరమ్మా వదినా కలిసి దాన్ని పడగొట్టించేశారట. ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటున్నారని విన్నాను.

మే 28

ఒప్పుకున్నారు. ముందు మూడు బోర్లు, చూద్దాం అన్నట్టుగా. తోడిన నీళ్లలో కొంత శుభ్రం చేసి వీధి పక్కన నేలలోకి దింపుతారు. బాగా దెబ్బతిన్న ఇళ్లవాళ్లు కావాలంటే గుట్ట మీద ఖాళీ క్వార్టర్లలోకి మారొచ్చు. పని ఆయనకే అప్పగించారు.

నన్ను మాత్రం మళ్లీ వెనక్కి పిలవలేదు. "ఇది న్యాయం కాదు" అన్నారు ఆయన. కాదు. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి వినడానికి నాకింకా ఇబ్బందిగానే ఉంది.

జూన్ 9

ఇవాళ మొదటి బోరులోకి నీళ్లు వదిలారు. "వస్తావా?" అనడిగారు ఆయన పొద్దున్నే. స్టోర్స్‌కి సెలవు పెట్టి వెళ్లాను.

వీధంతా బోరు చుట్టూ చేరింది. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడ్డారు. ఆ చేతుల్తోనే కదా తోడింది అన్నట్టు అందరూ వాటినే చూస్తున్నారు.

టైలరమ్మ ముందుకొచ్చింది. ఇవాళ నోట్లో సూదులు లేవు.

"నువ్వేనా ఈవిడ మొగుడివి?"

"అవునండీ."

"ఈ నీళ్లు పోస్తే మా వీధి మళ్లీ పైకి లేస్తుందా?"

ఆయన నా వైపు చూశారు. నేను సాయం చేయలేదు. లేస్తుంది, కాస్త టైం పడుతుంది అని చెప్తే బాగుండు అనిపించింది నాక్కూడా. అందరూ అదే వినాలని వచ్చారు.

"లేవదండీ" అన్నారు. "అణిగిన మట్టి అణిగినట్టే ఉంటుంది. ఇకమీదట దిగకుండా చూడాలని చేస్తున్నాం. అది కూడా అవుతుందో లేదో, వేసి చూస్తేగానీ తెలీదు."

ఎవరో వెనక తిట్టారు. ఎవరో చీత్కారంగా నవ్వారు. టైలరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది, కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు.

"మా ఇల్లు పోయింది నీవల్ల" అంది.

"అవును."

"ఆ మాట ముందే చెప్పుంటే మధ్యలో ఇన్నేళ్లు పేలుళ్లని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని కాదు."

ఆయన వాల్వు మీద చెయ్యి వేశారు.

"సరే, తిప్పు" అంది.

ఆయన వాల్వు తిప్పారు. పైపు గడగడలాడింది. నీళ్లు లోపలికి పోతున్నాయి, పైకి మాత్రం ఏమీ కనపడటం లేదు. అంతమంది చుట్టూ చేరి చూస్తున్నది ఒక ఇనప గొట్టాన్ని. వదిన ముందుగా వంగి పైపుకి చెవి ఆనించింది. టైలరమ్మ ఆవిణ్ని భుజంతో పక్కకి నెట్టి తను ఆనించింది.

"వినపడుతోందే" అంది వదినతో. "ఎక్కడికో పోతున్నాయి."

"ఎంతదూరం పోతాయి బాబూ?" అంది వదిన.

"తెలీదండీ" అన్నారు ఆయన. "నాకూ తెలుసుకోవాలనే ఉంది."

ఆడవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు వంగి వింటున్నారు. చివరికి నా వంతొచ్చింది. ఇనుము చల్లగా ఉంది. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత చాలా లోతుగా, ఎవరో చీకట్లో తాపీగా మెట్లు దిగుతున్నట్టు చప్పుడు. ఆయన నా పక్కన నిలబడి ఉన్నారు. ఏం వినపడుతోందని అడగలేదు. కాసేపటికి నేను కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాను.